మన్మోహన్ సింగ్ గారు నాయకుడు ఎక్కడయ్యారు? సెమినార్‌కి సాయం కావాలి

పర్లాకిమిడి విద్యార్థిని:

అందరికీ నమస్కారం. మాది ఒడిశా-ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. నాన్నగారు కొమ్ముతో బొమ్మలు చేస్తారు. నేను ఎమ్మే ఎకనామిక్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. బడి చదువంతా ఒడియా మీడియం. తెలుగు రాయడం అమ్మ నేర్పింది, తప్పులుంటే సర్దుకోండి.

వచ్చే గురువారం క్లాసులో ఇరవై నిమిషాలు మాట్లాడాలి. నాకు వచ్చిన అంశం మన్మోహన్ సింగ్ గారి జీవితం. 1932లో ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న గాహ్ అనే పల్లెలో పుట్టడం, దేశ విభజన, పంజాబ్ యూనివర్సిటీ, కేంబ్రిడ్జి, 1962లో ఆక్స్‌ఫర్డ్ డాక్టరేట్, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, రిజర్వ్ బ్యాంకు గవర్నర్, 1991లో ఆర్థికమంత్రి, 2004 నుంచి 2014 దాకా ప్రధాని. అన్నీ వరసగా రాసుకున్నాను. చదివి చూసుకుంటే బయోడేటాలా ఉంది.

మా సీనియర్ ఒకతను ఇంకో మాటన్నాడు. "ఆయన నాయకుడేంటి, పెద్ద ఆఫీసరు. లోక్‌సభకు నిలబడింది ఒక్కసారి, 1999లో సౌత్ ఢిల్లీలో. అదీ ఓడిపోయాడు" అని. నాకు జవాబు తోచలేదు. అందుకే అడుగుతున్నాను. ఆయన నిజంగా నాయకుడు ఎప్పుడయ్యారు? 1991లో జరిగింది మన సరిహద్దు ఊళ్లలో మామూలు మనుషులకు ఏమైనా తెలిసిందా? అప్పటికి నేను పుట్టలేదు. కొంచెం టెన్షన్‌గానే ఉంది.

రాయగడ, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:

అమ్మా, ముందు నీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. అది నేను కళ్లారా చూసిన సంగతి.

1986లో బ్యాంకులో క్లర్కుగా చేరాను. 1991 నాటికి రాయగడ దగ్గర ఒక చిన్న బ్రాంచిలో బంగారం అప్పుల కౌంటర్ నాది. అప్పటికి రాయగడ ఇంకా జిల్లా కాలేదు, కోరాపుట్ జిల్లాలోనే ఉండేది. జూన్, జులై వచ్చాయంటే మాకు ఊపిరాడేది కాదు. ఊడ్పుల ముందు విత్తనానికి, ఎరువుకి, కూలికి డబ్బు కావాలి కదా. ఆడవాళ్లు చెవుల కమ్మలు, నానుతాళ్లు కొంగుకి కట్టుకొని వచ్చేవారు. కంసాలి గీటురాయి మీద గీసి చూసేవాడు. తూకం వేసి, గుడ్డ సంచిలో కట్టి, లక్కతో సీలు వేసి బీరువాలో పెట్టేవాళ్లం. కోతలయ్యాక, సంక్రాంతికి ముందు, విడిపించుకునేవారు. ఏటా ఇదే వరస.

ఆ జులైలోనే పేపర్లో వచ్చింది, రిజర్వ్ బ్యాంకు బంగారం విమానంలో లండన్ వెళ్తోందని. మొత్తం సుమారు 47 టన్నులు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర తాకట్టు పెట్టి దాదాపు 40 కోట్ల డాలర్లు తెచ్చారు. అంతకుముందు మే నెలలో, చంద్రశేఖర్ గారి ప్రభుత్వం ఉండగా, ఇంకో 20 టన్నులు స్విట్జర్లాండ్ బ్యాంకుకి వెళ్లాయి. అది తిరిగి కొనుక్కునే షరతు మీద అమ్మకం. దేశం దగ్గర మిగిలిన డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకు వస్తాయో రావో అన్నట్టుంది. గల్ఫ్ యుద్ధంతో పెట్రోలు ధర పెరిగింది, విదేశాల్లో మనవాళ్లు దాచిన డిపాజిట్లు వెనక్కి తీసేసుకుంటున్నారు, ప్రభుత్వం ఏళ్ల తరబడి ఆదాయానికి మించి ఖర్చు పెట్టింది.

మా బ్రాంచిలో పేపర్ పైకి చదువుకునేవాళ్లం. కమ్మలు తాకట్టు పెట్టడానికి వచ్చిన ఒకావిడ విని అడిగింది. "గవర్నమెంటు కూడా మాలాగే ఎట్టేసిందా బావూ? మరి ఇడిపించుకుంటాదా?"

నేను ఏమీ చెప్పలేకపోయాను. నిజంగా తెలియదు కాబట్టి. ఆ ఏడాది చివరికల్లా ప్రభుత్వం ఆ అప్పు తీర్చేసింది. ఆవిడ కమ్మలు మాత్రం సంక్రాంతి వారంలో విడిపించుకుంది. ఇప్పటికీ 1991 అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆ ప్రశ్నే. నీ సెమినార్ దాంతో మొదలుపెట్టు, పుట్టిన తేదీతో కాదు.

ఇక మన్మోహన్ గారి సంగతి. 1991 జూన్ 21న ప్రమాణం చేసేనాటికి ఆయన యూనివర్సిటీలకు నిధులిచ్చే యూజీసీకి చైర్మన్. పీవీ గారు ఆర్థికశాఖకు ముందు రిజర్వ్ బ్యాంకు మాజీ గవర్నర్ ఐ.జి. పటేల్ గారిని అడిగారు, ఆయన వద్దన్నారు. ఆ తర్వాత కబురు మన్మోహన్ గారికి వెళ్లింది. దీన్ని చూసి చాలామంది ప్రొఫెసర్ ఒక్క రాత్రిలో మంత్రి అయిపోయాడనుకుంటారు. అది సరికాదు. 1971లో వాణిజ్యశాఖలో సలహాదారుగా అడుగుపెట్టారు. 1972లో ప్రధాన ఆర్థిక సలహాదారు, 1976లో ఆర్థికశాఖ కార్యదర్శి, 1982 నుంచి 1985 దాకా రిజర్వ్ బ్యాంకు గవర్నర్, ఆ తర్వాత ప్రణాళికా సంఘం ఉపాధ్యక్షుడు, జెనీవాలో వర్ధమాన దేశాల సౌత్ కమిషన్ ప్రధాన కార్యదర్శి. అంటే ఇరవై ఏళ్లు ఆ ఫైళ్ల మధ్యే బతికారు. ఏ ఫైలు ఎక్కడ ఆగుతుందో, ఎవరు ఆపుతారో తెలుసు. పరిశ్రమ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలనే లైసెన్సుల రాజ్యాన్ని బయట నుంచి తిట్టిన మనిషి కాదు, అందులో పనిచేసిన మనిషి. మన ఎగుమతుల గురించి ఆక్స్‌ఫర్డ్‌లో రాసిన థీసిస్ 1962 నాటిది. మనం ఎగుమతులు చేయలేమన్న నిరాశ తప్పని అప్పుడే రాశారు. ఆ మాట అమలు కావడానికి 29 ఏళ్లు పట్టింది. నాకైతే ఆయన జీవితంలో అన్నింటికంటే పెద్ద విషయం ఇదే. తెలిసిన మాట పట్టుకొని అంతకాలం ఓపిగ్గా కూర్చోవడం.

జులై 1న, 3న రూపాయి విలువ రెండు విడతల్లో తగ్గించారు. డాలరు 21 రూపాయల దగ్గర నుంచి దాదాపు 26కి వెళ్లింది. మొదటి విడతకే గొడవ మొదలై, రెండోది ఆపించమని పీవీ గారు చెప్పారట. మన్మోహన్ గారు రిజర్వ్ బ్యాంకు డిప్యూటీ గవర్నర్ రంగరాజన్ గారికి ఫోన్ చేసేసరికి పని అయిపోయింది. ఆ రంగరాజన్ గారే తర్వాత ఆంధ్రప్రదేశ్‌కి గవర్నరయ్యారు, కొంతకాలం మన ఒడిశాకి కూడా.

జులై 24న బడ్జెట్. అందులో ఎరువుల ధర 40 శాతం పెంచారు. సొంత పార్టీ ఎంపీలే లేచారు. అది మైనారిటీ ప్రభుత్వం, ఎప్పుడైనా పడిపోవచ్చు. ఆగస్టులో ఆయన సభలో నిలబడి పెంపును 30 శాతానికి తగ్గించారు. చిన్న, సన్నకారు రైతులకు పెంపు లేదన్నారు. మీ సీనియర్‌కి ఇది చెప్పు. ఆఫీసరయితే "నా లెక్క సరైనదే" అని ఫైలు మీద రాసి సంతకం పెట్టి ఇంటికి పోతాడు. పది వదులుకొని ముప్పై నిలబెట్టుకోవడం రాజకీయ నాయకుడి పని. నా లెక్కలో ఆయన నాయకుడయింది 2004లో కాదు, 1991 జూన్‌లోనూ కాదు, ఆ ఆగస్టులో.

ఇంకొకటి, నీ ఒడియా మీడియం మాట చూసి గుర్తొచ్చింది. ఆయన చిన్నప్పుడు చదివింది ఉర్దూలో. ప్రధాని అయ్యాక కూడా హిందీ ప్రసంగాలను ఉర్దూ లిపిలో రాయించుకొని చదివేవారు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక లిపి. మన రాయగడ, పర్లాకిమిడి పిల్లలందరికీ తెలిసిన కష్టమే. దానికి సిగ్గుపడకు.

బరంపురం, పట్టుచీరల వ్యాపారి:

రాయగడ అన్నగారు బంగారంలాంటి మాటలు చెప్పారు. కానీ పీవీ గారి పేరు అలా వచ్చి ఇలా వెళ్లిపోయింది. నేనొప్పుకోను.

పరిశ్రమల శాఖ అప్పుడు పీవీ గారే తన దగ్గర పెట్టుకున్నారు. బడ్జెట్ రోజే, బడ్జెట్ కంటే కొన్ని గంటల ముందు, కొత్త పారిశ్రామిక విధానం సభ ముందు పెట్టారు. కొద్ది పరిశ్రమలకు తప్ప లైసెన్సు అక్కర్లేదన్నారు. పేపర్లన్నీ బడ్జెట్ వెంటపడ్డాయి, ఆ పెద్ద మార్పు మీద గొడవ రాకుండా జరిగిపోయింది. అదీ ఆయన నేర్పు. 1992 షేర్ల కుంభకోణం తర్వాత మన్మోహన్ గారు రాజీనామా ఇస్తే పీవీ గారు తీసుకోలేదు. ఆ గొడుగు లేకపోతే ఆయన లెక్కలు ఎన్ని సరైనవైనా ఏం లాభం?

అమ్మాయీ, ఇంకో విషయం రాసుకో. 1996లో పీవీ గారు నంద్యాల నుంచీ మన బరంపురం నుంచీ నిలబడ్డారు. రెండుచోట్లా గెలిచి బరంపురమే ఉంచుకున్నారు. ఆర్థిక సంస్కరణలు తెచ్చిన ప్రధానికి చివరి సీటు ఇచ్చింది మన గంజాం జిల్లా. అప్పుడు మా వీధి గోడల మీద ఒడియాలోనూ తెలుగులోనూ రాతలు ఉండేవి. దేశంలో ఆయన పార్టీ ఓడిపోయింది, మా దగ్గర ఆయన గెలిచారు. మీ క్లాసులో ఎంతమందికి ఈ సంగతి తెలుసో అడిగి చూడు.

మా కొట్టు సంగతి కూడా చెప్పాలి. మంచీ ఉంది, చెడూ ఉంది. పట్టు నూలు ధర బయటి మార్కెట్‌ని బట్టి ఎగిరిపడడం మాకు ఆ తర్వాతి ఏళ్లలోనే అలవాటయింది. మగ్గాలు వదిలి సూరత్ వెళ్లిన కుర్రాళ్లు మా పేటలో ఎంతోమంది. అదంతా ఆయన చేశారనను. కానీ "అందరూ బాగుపడ్డారు" అని మాత్రం సెమినార్లో అనకు తల్లీ.

గుణుపురం రైతు:

ఎరువుల మాట వచ్చింది కాబట్టి నేను చెప్పాలి. మాకు వంశధార పక్కన నాలుగెకరాలు.

1991 ఆగస్టులో తగ్గించిన మాట నిజమే. అక్కడితో అయిపోలేదు. 1992 ఆగస్టులో డీఏపీ, పొటాష్ ఎరువుల మీద ధరల అదుపు తీసేశారు. యూరియాని మాత్రం అదుపులోనే ఉంచారు. దాంతో యూరియా చవక, డీఏపీ, పొటాష్ ప్రియం. చేతిలో డబ్బు లేనివాడు ఏం వేస్తాడు? యూరియా వేస్తాడు. చేను పచ్చగా కనిపిస్తుంది, గింజ తేలిపోతుంది, పురుగు ఎక్కువవుతుంది. మా నాన్న అదే చేశారు, నేనూ చాలా ఏళ్లు అదే చేశాను. మట్టి పరీక్ష చేయిస్తే ఆ బాకీ అందులో కనిపించింది. 2010లో పోషకాల లెక్కన సబ్సిడీ పెట్టారు, అప్పుడు ఆయనే ప్రధాని. అప్పుడు కూడా యూరియాని అందులో కలపలేదు. సగం తలుపు తెరిచి వదిలేశారు, రెండుసార్లూ.

సగం సంస్కరణ అసలు లేకపోవడం కంటే ఎక్కువ నష్టం చేసిందని నేను నమ్ముతాను. రాయగడ మాస్టారు దాన్ని నేర్పు అంటున్నారు. ఢిల్లీ నుంచి చూస్తే నేర్పే. నా చేలో నిలబడి చూడండి.

2008 రుణమాఫీ మాత్రం మర్చిపోలేను. ఐదెకరాల లోపు వాళ్లకు బాకీ మొత్తం రద్దు చేశారు. బ్యాంకు నోటీసు బోర్డు మీద మా నాన్న పేరు చూసి ఇంటికి పరిగెత్తుకెళ్లి చెప్పాను. ఆయన నమ్మలేదు, తనే సైకిలు మీద వెళ్లి చూసుకొని వచ్చారు.

మునిగుడ టీచర్:

రైతన్నా, మీ బాధ నిజం. ప్రధానిగా ఆయన చేసిన రెండు పనులు మా జిల్లాలో నేరుగా చూశాను కాబట్టి కలుపుతున్నాను.

ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించారు. మొదటి విడత 200 జిల్లాల్లో రాయగడ, కోరాపుట్, గజపతి కూడా ఉన్నాయి. ఏడాదికి వంద రోజుల పని చట్టప్రకారం హక్కు. కూలి డబ్బు ఆలస్యంగా వచ్చేది, మధ్యలో తినేవాళ్లూ ఉన్నారు. అయినా మా బడిలో పిల్లల హాజరు మీద తేడా చూశాను. అమ్మానాన్నలు ఊళ్లోనే ఉంటే పిల్లలు బడికొస్తారు.

రెండోది అడవిని నమ్ముకున్న గిరిజనులకు హక్కులిచ్చిన 2006 అటవీ హక్కుల చట్టం. 2013లో సుప్రీంకోర్టు నియమగిరి కొండలో బాక్సైట్ గనులు తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలనే తేల్చమంది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. ఆ కొండల్లో ఉండే డొంగరియా కొంధు గిరిజనులు జడ్జి ముందు నిలబడి తమ భాషలో చెప్పారు. పరిశ్రమలకు తలుపులు తెరిచిన ఆర్థికవేత్త ప్రధానిగా ఉన్నప్పుడు చేసిన చట్టంతోనే ఆ కొండ నిలబడింది. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు, చట్టం మాత్రం ఆయన ప్రభుత్వానిది. నీ సెమినార్లో దీనికి ఐదు నిమిషాలైనా ఇవ్వు. మన జిల్లా సంగతి మనమే చెప్పకపోతే ఎవరు చెబుతారు?

పాతపట్నం నుంచి:

మీరంతా ఒడిశా వైపు. నేను పర్లాకిమిడికి అవతలి గట్టున ఆంధ్రాలో ఉన్నాను, కాబట్టి మాకు మిగిలిన గాయం చెబుతాను. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో లేచి ఆంధ్రప్రదేశ్‌కి ఐదేళ్లు ప్రత్యేక హోదా ఇస్తామని ఆయనే చెప్పారు. చట్టంలో రాయలేదు. తర్వాత వచ్చినవాళ్లు ఇవ్వలేదు. 1991లో ప్రతి పైసా కాగితం మీద పెట్టిన మనిషి, ఐదు కోట్ల మంది బతుకు సంగతి నోటిమాటగా వదిలేశారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. అందుకే ఇది ఎక్కువ బాధ.

పర్లాకిమిడి విద్యార్థిని:

అందరికీ పాదాభివందనాలు. నిన్న రాత్రి మొత్తం మళ్లీ రాశాను. తాకట్టుతో మొదలుపెట్టి, ఆగస్టు తగ్గింపు, యూరియా, బరంపురం సీటు, నియమగిరి వరకూ వచ్చాను. పాతపట్నం అన్నయ్య చెప్పింది కూడా పెడతాను, మా క్లాసులో సగంమంది చుట్టాలు అటువైపే.

రాయగడ మాస్టారూ, ఒక్కటే మిగిలింది. ఆగస్టులో వెనక్కి తగ్గడమే నాయకత్వం అని చెబితే, మా సీనియర్ "అంటే ఎప్పుడూ తగ్గడమేనా?" అని అడుగుతాడు. ఏం చెప్పాలి?

రాయగడ, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి:

మంచి ప్రశ్న. 2008 జులై 22 చెప్పు. అమెరికాతో అణు ఒప్పందం మీద వామపక్షాలు మద్దతు తీసేశాయి. ప్రభుత్వం పోయినా సరే ఒప్పందం వదలనని విశ్వాసపరీక్షకు వెళ్లారు. అనుకూలంగా 275 ఓట్లు, వ్యతిరేకంగా 256. అప్పుడు ఓట్ల కోసం లంచం ఇచ్చారంటూ ప్రతిపక్ష ఎంపీలు సభలో నోట్ల కట్టలు కూడా చూపించారు, ఆ మచ్చ ఉంది, దాచకు. కానీ ఎరువుల దగ్గర తగ్గిన మనిషి అక్కడ తగ్గలేదు. ఎక్కడ తగ్గాలో ఎక్కడ తగ్గకూడదో ఆయనకు సొంత లెక్క ఒకటి ఉండేది. 2జీ ఫోన్ స్పెక్ట్రమ్, బొగ్గు గనుల కేటాయింపుల దగ్గర ఆ లెక్క తప్పిందనే నా అభిప్రాయం. మాట్లాడాల్సిన రోజుల్లో మాట్లాడలేదు. అదీ చెప్పు.

గుణుపురం తమ్ముడూ, యూరియా విషయంలో నువ్వన్నది నిజం. నేను కౌంటర్ ఇవతల నుంచి చూశాను, నువ్వు చేలో నుంచి చూశావు. బరంపురం బాబుకీ అదే మాట. పీవీ గారి గురించి నేను తక్కువే చెప్పాను.

బ్యాంకు సంగతి ఒక్కటి వదిలేశాను. 1991 ముందు మా దగ్గర వంద రూపాయలు డిపాజిట్ వస్తే 38.50 ప్రభుత్వ బాండ్లలో, 15 రిజర్వ్ బ్యాంకు దగ్గర పెట్టాలి. మిగిలిన 46.50తోనే అప్పులివ్వాలి. మన తెలుగాయన ఎం. నరసింహం గారి కమిటీ అదే ఏడాది దీన్ని తగ్గించమంది. తర్వాతి ఏళ్లలో నెమ్మదిగా తగ్గించారు. 1992లో మొండి బాకీల లెక్క కొత్తగా వచ్చింది. వడ్డీ చేతికి రాకపోయినా వచ్చినట్టు రాసుకోవడం ఆగిపోయింది. మా మేనేజరుకి ఆ ఏడాది నిద్రలేదు. మీ సార్లకు ఈ లెక్క నచ్చుతుంది, బోర్డు మీద వేసి చూపించు.

నా దగ్గర 1991 జులై 25 నాటి పేపర్ ఉంది, బడ్జెట్ వార్త వచ్చింది. మడత దగ్గర కాస్త చిరిగింది. రేపు పొద్దున ఎండలో పెట్టి ఫోటో తీసి ఇక్కడ వేస్తాను. అక్షరాలు కనిపించకపోతే చెప్పు, గురువారం లోపల రాయగడ నుంచి వచ్చే ఎవరితోనైనా అసలు కాగితమే పంపిస్తాను.